మోయగలిగినంత మేర: నిధివేట ఆటల నియమాలు – అమరావతి, నాగార్జునకొండ శిల్పాల తరలింపు చరిత్ర

వ్యాససంగ్రహం:

శిథిలాల్లోకి దిగి, చేతికందిన నిధులను ఏరుకొని, ప్రమాదం ముంచుకురాక ముందే బయటపడటం ఇతివృత్తంగా గల పేకముక్కల ఆటలు గత రెండు దశాబ్దాల్లో ప్రపంచవ్యాప్తంగా ఆదరణ పొందాయి. వీటన్నింటికీ మూలసూత్రం ఒక్కటే: ఆటగాడు చూసినదంతా మోయలేడు. ఈ సూత్రం కేవలం క్రీడాకల్పన కాదు. కృష్ణాతీరంలోని అమరావతి, నాగార్జునకొండ స్థలాల నుండి శిల్పసంపద తరలిన తీరును పరిశీలిస్తే, ఏది మిగిలింది, ఏది పోయింది అన్న ప్రశ్నకు సమాధానం చాలావరకు మోసేవారి శక్తిలోనే దొరుకుతుంది. బరువు, గడువు, అభిరుచి అనే మూడు పరిమితులు ఆ ఎంపికను ఎలా శాసించాయో ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: అమరావతి స్తూపం, నాగార్జునకొండ, కాలిన్ మెకంజీ, పురావస్తు తరలింపు, నిధివేట ఆటలు, నాగబు.

1. ఉపోద్ఘాతం

2007లో ఆస్ట్రేలియాకు చెందిన ఫిల్ వాకర్-హార్డింగ్ 'ఆర్కియాలజీ' అనే పేకముక్కల ఆటను రూపొందించాడు. ఈజిప్టు ఎడారిలో తవ్వకాలు జరిపే పురావస్తు శాస్త్రజ్ఞులు ఇందులో ఆటగాళ్లు. కుండపెంకులు, నాణేలు, విరిగిన పాత్రలు, తాయెత్తులు, రాజముఖకవచాలు ముక్కలుగా చేతికి వస్తాయి. ఒకే రకం ముక్కలు ఎన్ని కూడితే విలువ అంత పెరుగుతుంది. అలా కూడిన సమితిని మ్యూజియంకు అమ్మితేనే అంకెలు లెక్కకు వస్తాయి. మరిన్ని కూడబెడదామని చేతిలో ఉంచుకున్నవాడికి ఇసుకతుఫాను ముక్క ఎదురైతే సగం సరుకు పోతుంది. దొంగ ముక్క ఎదుటివాడికి వస్తే ఉన్నదానిలోంచి ఒకటి చేజారుతుంది. దీనికి రెండేళ్ల ముందు, 2005లో, అలన్ మూన్, బ్రూనో ఫైదుత్తి కలిసి చేసిన 'డియామాంట్' ఆటలో గుహలోకి దిగినవారు ఒక్కొక్క మలుపులో ముందుకు పోవడమా, దొరికినంతతో వెనుదిరగడమా అని తేల్చుకోవాలి. జపాను నుండి 2014లో వచ్చిన 'డీప్ సీ అడ్వెంచర్'లో ఈ నియమం మరింత కఠినం. అది పేకముక్కల ఆట కాదు, పాచికల ఆట. సముద్రగర్భంలో ఎత్తుకున్న ప్రతి నిధికీ ఆటగాడి నడక ఒక అడుగు తగ్గుతుంది, అందరూ కలిసి పీల్చే ప్రాణవాయువూ తరుగుతుంది. ఒకడి అత్యాశ అందరినీ ముంచుతుంది.

ఈ ఆటలను సాహిత్య, చరిత్ర పరిశోధకులు పిల్లల కాలక్షేపంగా పక్కనపెట్టడం పరిపాటి. కానీ ఆట నియమం కూడా ఒక కథనమే. దేనికి విలువ కట్టాలి, దేనిని వదిలేయాలి, ఎవరికి చేరితే అది 'గెలుపు' అవుతుంది అన్న విషయాలను నియమం చెప్పకనే చెబుతుంది. పైన పేర్కొన్న మొదటి ఆటలో మ్యూజియం గుమ్మం దాటేవరకూ వస్తువుకు విలువే లేదు. కుండపెంకు అట్టడుగు ధర పలుకుతుంది. వస్తువు ఎక్కడ దొరికిందన్న ప్రస్తావన అసలు లేదు. ఈ మూడు ఊహలూ ఆట రూపకర్త సృష్టించినవి కావు. పందొమ్మిదో శతాబ్దపు పురావస్తు సేకరణలో అవి నిత్యవ్యవహారం. అందుకు తెలుగునేల మీద అమరావతికి మించిన నిదర్శనం లేదు.

2. నిధి, నిక్షేపం, పాషాణం

భూమిలో దాగిన వస్తువు ఎవరిది అన్న ప్రశ్నకు మన శాసనభాషలో ఒక పాత సమాధానం ఉంది. అగ్రహారాలను, గ్రామాలను దానం చేసేటప్పుడు దానశాసనాలు అష్టభోగాలను వరుసగా పేర్కొంటాయి: నిధి, నిక్షేపం, జలం, పాషాణం, అక్షిణి, ఆగామి, సిద్ధం, సాధ్యం. నేలలో ఎవరిదో తెలియక దొరికేది నిధి, దాచిపెట్టినది నిక్షేపం. వాటి సరసనే రాయి కూడా ఒక భోగమైంది. అంటే నేల కిందనున్న సొమ్మూ, నేల మీదనున్న బండా కూడా భూస్వామ్యంలో భాగమే. ఈ భావన నేపథ్యం లేకుండా చింతపల్లి జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు చేసిన పనిని అంచనా వేస్తే అతడు కేవలం విధ్వంసకుడుగా కనిపిస్తాడు. చరిత్ర పుస్తకాలు చాలావరకు అలాగే చిత్రించాయి.

ఆంగ్లపాలనలో 1878లో వచ్చిన నిధిచట్టం ఈ భావనను మార్చింది. నేలలో దాగి ఉన్న విలువగల ఏ వస్తువైనా నిధే. దాని విలువ పది రూపాయలు మించితే దొరికినవాడు కలెక్టరుకు తెలియజేయాలి. విలువను రూపాయల్లో కొలవడం గమనార్హం. పది రూపాయలకు లోపు ధర పలికే శాసనపు ముక్క ఈ నిర్వచనం కళ్లకు కనపడదు. 1904లో పురాతన కట్టడాల పరిరక్షణ చట్టం వచ్చేవరకు కట్టడానికి కట్టడంగా చట్టపరమైన రక్షణ దాదాపు లేదనే చెప్పాలి. అమరావతిలో జరగవలసినదంతా అప్పటికి జరిగిపోయింది.

3. దీపాలదిన్నె

అమరావతి గ్రామం పక్కన ఎత్తుగా ఉన్న మట్టిదిబ్బను స్థానికులు దీపాలదిన్నె అని పిలిచేవారు. పద్దెనిమిదో శతాబ్దం చివర వేంకటాద్రినాయుడు తన నివాసాన్ని చింతపల్లి నుండి అమరావతికి మార్చి, అమరేశ్వరాలయం చుట్టూ కొత్త పట్టణం కట్టించసాగాడు. ఇటుకలూ రాళ్లూ కావలసి వచ్చాయి. దిన్నెలో అవి సిద్ధంగా ఉన్నాయి. తవ్వినకొద్దీ చెక్కడపు పలకలు బయటపడ్డాయి. కొన్ని కొత్త కట్టడాలలోకి, కొన్ని శివగంగ చెరువు మెట్లలోకి పోయాయి, కొన్ని సున్నపు బట్టీలకు చేరాయి.

చివరి మాట వివరణ కోరుతుంది. అమరావతి శిల్పాలను పాలరాతి శిల్పాలని పాఠ్యపుస్తకాలు నేటికీ రాస్తున్నాయి. ఆంగ్లంలో స్థిరపడిన పేరుకు ఇది అనువాదం. నిజానికి అది పలనాటి సున్నపురాయి. కాల్చితే సున్నమయ్యే గుణమే ఆ రాతికి శత్రువైంది. శిల్పి ఉలికి మెత్తగా లొంగి, నూలుపోగంత సన్నని గీతను కూడా నిలుపుకున్న గుణమూ అదే.

ఇక్కడ ఒక విషయాన్ని నొక్కి చెప్పవలసి ఉంది. స్థానికులు రాళ్లను దూరం మోయలేదు. వారి అవసరం ఊళ్లోనే ఉంది. దగ్గరి వాడకం వల్ల నాశనమైన రాళ్లు ఉన్నాయి. కానీ గోడల్లో, మెట్లలో చేరిన రాళ్లు కనీసం ఊరు దాటలేదు. దూరపు తరలింపు వేరే రకమైన నష్టాన్ని తెచ్చింది.

4. కాగితం బరువు

1797లో కాలిన్ మెకంజీ ఈ తవ్వకాల కబురు విని అమరావతికి వచ్చాడు. అప్పటికి అతడు సైనిక ఇంజనీరు. తాను చూసినదాని వృత్తాంతాన్ని ఏషియాటిక్ రీసెర్చెస్ తొమ్మిదో సంపుటంలో (1807) ప్రచురించాడు. 1815లో భారతదేశ సర్వేయర్ జనరల్ అయ్యాక, 1816లో మళ్లీ వచ్చాడు. ఈసారి సర్వేశాఖ చిత్రకారులను వెంటబెట్టుకొని నెలల తరబడి పలకలను కొలిపించి బొమ్మలు గీయించాడు. అప్పటికే దిన్నె నడుమ భాగాన్ని చెరువుగా తవ్వేశారు. స్తూపం మధ్యభాగం ఎలా ఉండేదో చెప్పగల ఆధారం అంతటితో పోయింది.

మెకంజీ కొన్ని రాళ్లను కూడా తరలించాడు. అవి మచిలీపట్నం మీదుగా కొన్ని కలకత్తాకు, కొన్ని మద్రాసుకు చేరాయి. అయితే ఈ వ్యాసకర్త దృష్టిలో మెకంజీ చేసిన అసలైన తరలింపు బొమ్మలది. ఒక ఉజ్జాయింపు లెక్క వేసి చూద్దాం. సున్నపురాయి ఘనమీటరుకు సుమారు 2.6 టన్నులు తూగుతుంది. రెండున్నర మీటర్ల ఎత్తు, 80 సెంటీమీటర్ల వెడల్పు, 25 సెంటీమీటర్ల మందం గల ఒక ప్రాకారస్తంభం అర ఘనమీటరు అవుతుంది. అంటే 1.3 టన్నులు. మామూలు జోడెడ్ల బండికి అది మించిన భారం. అదే స్తంభం కాగితం మీద గీస్తే ఒక మనిషి సంచిలో పడుతుంది. లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్న అమరావతి చిత్రసంపుటి ఈ రోజు లేని రాళ్లకు కూడా సాక్ష్యం పలుకుతున్నదంటే కారణం ఇదే. మోయగలిగినది మిగిలింది. మోయడానికి అనువుగా మార్చినది ఇంకా ఎక్కువ మిగిలింది.

మెకంజీ సేకరించిన కైఫీయత్తులకు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులూ వారి వెంట పనిచేసిన పండితులూ ఊరూరా తిరిగి కరణాల కవిలెల నుండి, వృద్ధుల నోటి నుండి గ్రామచరిత్రలను రాసుకొని వచ్చారు. 1821లో మెకంజీ మరణించాక అతని సేకరణను కంపెనీ ప్రభుత్వం లక్షరూపాయలకు కొన్నది. హెచ్.హెచ్. విల్సన్ 1828లో దాని పట్టిక ప్రచురించాడు. దక్షిణదేశభాషల రాతప్రతులు తర్వాత మద్రాసుకు తిరిగి వచ్చాయి. జీర్ణిస్తున్న వాటిని సి.పి. బ్రౌన్ తిరగరాయించాడు. కాగితాలు కలకత్తా పోయి తిరిగి రాగలిగాయి. రాళ్లకు ఆ అదృష్టం లేదు.

మచిలీపట్నంలో మరో చిత్రమైన మజిలీ ఉంది. కలెక్టరు రాబర్ట్‌సన్ తాను వేయించిన కొత్త పేటలో అంగడి కూడలి అలంకారానికి ముప్పైకి పైగా పలకలను అమరావతి నుండి తెప్పించాడు. బుద్ధుని జీవితఘట్టాలు కూరగాయల బజారుకు హంగులయ్యాయి. అవి మద్రాసు చేరడానికి మరికొన్ని దశాబ్దాలు పట్టింది. శివగంగ మెట్లలో రాయి పెట్టిన జమీందారును నిందించే రచనలు రాబర్ట్‌సన్ పేటను ముచ్చటగా చెప్పి దాటిపోవడం మనం గమనించవలసిన విషయం.

5. ఇలియట్ రాళ్లు

1845లో గుంటూరు కమిషనరుగా వచ్చిన వాల్టర్ ఇలియట్ దిన్నెలో ఒక భాగాన్ని తవ్వించాడు. బయటపడిన శిల్పాలను మద్రాసుకు పంపించాడు. అక్కడ అవి చాలాకాలం ఎండకూ వానకూ ఆరుబయట పడి ఉన్నాయి. 1851లో మద్రాసు మ్యూజియం ఏర్పడ్డాక దాని బాధ్యుడు ఎడ్వర్డ్ బాల్ఫర్ వాటి బాగోగులు పట్టించుకున్నాడు. విలియం టేలర్ 1856లో పట్టిక తయారుచేశాడు. లినియస్ ట్రైప్ 1858లో ఛాయాచిత్రాలు తీశాడు. 1859లో 121 శిలలను ఓడమీద లండనుకు పంపారు.

అక్కడ జరిగినది ఆటలో ఏ ముక్కా ఊహించని మలుపు. గెలుపు గుమ్మం దాటిన సరుకు గాడీఖానాలో పడింది. కంపెనీ పాలన అప్పుడే అంతమై, ఇండియా మ్యూజియం చోటు వెతుక్కుంటున్న రోజులవి. ఫైఫ్ హౌస్ గాడీఖానాలో మూలపడి ఉన్న ఈ శిల్పాలు, 1867 పారిస్ ప్రదర్శనకు ఛాయాచిత్రాలు సమకూర్చే ప్రయత్నంలో ఉన్న జేమ్స్ ఫెర్గూసన్ కంటబడ్డాయి. మరుసటి ఏడాది అతడు ప్రచురించిన 'ట్రీ అండ్ సర్పెంట్ వర్షిప్' గ్రంథంతో అమరావతి పేరు యూరపు పండితలోకంలో మార్మోగింది. 1880లో ఇవి బ్రిటిష్ మ్యూజియంకు చేరాయి. అక్కడ కూడా ఎన్నో ఏళ్లు మెట్ల పక్కన ఉండి, లండను గాలికి దెబ్బతిని, కొంతకాలం నేలమాళిగలో మగ్గి, 1992లో అద్దాల గదిలో కొత్త ప్రదర్శనకు వచ్చాయి.

రాళ్లు క్షేమంగా ఉన్నాయి గదా, లండనులో ఉంటేనేమి అన్న వాదన తరచు వినిపిస్తుంది. దిన్నెలోనే ఉంటే బట్టీల పాలయ్యేవన్నది దాని తాత్పర్యం. ఈ వాదనలో కొంత నిజం ఉంది. దాన్ని కాదనడం చరిత్రకు న్యాయం కాదు. కానీ అది ప్రశ్నను రాతి క్షేమానికే కుదిస్తుంది. రాయి మాత్రమే తరలింది. అది స్తూపంలో ఏ చోటనుండి వచ్చిందన్న సమాచారం తరలలేదు. ఇలియట్ తవ్వకంలో ఏ పలక ఎక్కడ, దేని పక్కన నిలిచి ఉన్నదో చెప్పే క్రమబద్ధమైన నమోదు లేదు.

ఈ లోటు ఎంతటిదో దానశాసనాలు చదివితే అర్థమవుతుంది. అమరావతి స్తూపం ఒక రాజు కట్టించినది కాదు. ఎందరో గృహస్థులు, వర్తకులు, భిక్షుణులు, వృత్తిపనివారు ఒక్కొక్క భాగాన్ని దానం చేశారు. చర్మకారుడైన విధికుడు తన కుటుంబంతో కలిసి పూర్ణఘటఫలకాన్ని ఇచ్చాడని ఒక శాసనం చెబుతుంది. చాలా శాసనాల్లో దాత తానిచ్చినది ఉష్ణీషమో, సూచియో, పాదుకాపట్టమో స్పష్టంగా పేర్కొన్నాడు. అంటే దానం రాతిది మాత్రమే కాదు, స్తూపంలో ఒక చోటుది కూడా. విధికుడి ఫలకం ఎవరి ఫలకం పక్కన నిలిచింది? చర్మకారుడికీ వర్తకుడికీ భిక్షుణికీ ప్రదక్షిణపథంలో సమానమైన స్థానమే దక్కిందా? రెండువేల ఏళ్ల నాటి ఆంధ్రసమాజం గురించి ఇంతకన్న విలువైన ప్రశ్న ఉండదు. మూడు నగరాలకు చీలిపోయిన రాళ్లు దీనికి జవాబు చెప్పలేవు. ఆటలో ఒకే రకం ముక్కలు ఒకచోట కూడితే విలువ పెరుగుతుంది. ఇక్కడ సమితి అంటే ఒకే రకం వస్తువుల కూర్పు కాదు, ఇరుగుపొరుగుల వరుస. మోసినవారు దానినే విప్పేశారు.

రాతికి రెండు ముఖాలున్నప్పుడు సమస్య మరింత జటిలం. బ్రిటిష్ మ్యూజియంలోని ఒక ప్రసిద్ధఫలకానికి ఒకవైపు తొలినాటి బోధివృక్షారాధన, వెనుకవైపు కొన్ని శతాబ్దాల తర్వాత చెక్కిన స్తూపచిత్రం ఉన్నాయి. పాతరాతిని తిప్పి కొత్త చెక్కడానికి వాడుకున్నారు. స్తూపాన్ని ఒకసారి కాక పలుమార్లు పునర్నిర్మించారనడానికి ఇది గట్టి సాక్ష్యం. మద్రాసు మ్యూజియంలో పలకలను గోడల్లో సిమెంటుతో బిగించిన కాలంలో ఇటువంటి వెనుకముఖాల గురించి ఎవరూ ఆలోచించలేదు. ప్రదర్శనకు ఒక ముఖం చాలు. చరిత్రకు చాలదు.

6. 1880: దిన్నె గొయ్యి అయిన సంవత్సరం

1877లో రాబర్ట్ సీవెల్ మరికొంత భాగాన్ని తవ్వి, నివేదికలో కొలతలూ స్థానాలూ కొంత జాగ్రత్తగా నమోదు చేశాడు. ఆ జాగ్రత్త ఆట్టే కాలం నిలవలేదు. మద్రాసు గవర్నరు బకింగ్‌హాం ప్రభువు ఆదేశంతో 1880లో దిన్నెను పూర్తిగా తవ్వించారు. మరుసటి ఏడాది చివర జేమ్స్ బర్జెస్ వచ్చేసరికి అక్కడ దిన్నె లేదు, పెద్ద గొయ్యి ఉంది. చుట్టూ పడి ఉన్న రాళ్లలోంచి మంచివాటిని ఎంచి మద్రాసుకు పంపించడం అతని పనైంది. ఆ 'మంచివి' అన్న ఎంపికలో అతని అభిరుచి స్పష్టంగా పనిచేసింది. శిల్పం నిండుగా ఉన్నవి, తక్కువ విరిగినవి ముందు వెళ్లాయి. 1887లో వెలువడిన అతని గ్రంథం ఇప్పటికీ తొలి ఆధారగ్రంథాల్లో ఒకటి. ఆ గ్రంథంలో బొమ్మకెక్కినవే అమరావతి శిల్పంగా స్థిరపడ్డాయి.

ఇదే సమయంలో ప్రభుత్వంలోనే ఒక విరుద్ధస్వరం వినిపించింది. పురాతన కట్టడాల పర్యవేక్షకుడుగా నియమితుడైన హెన్రీ హార్డీ కోల్, అసలు శిల్పాలు పుట్టినచోటనే ఉండాలనీ, మ్యూజియంలకు అచ్చుపోసిన నమూనాలు సరిపోతాయనీ గట్టిగా వాదించాడు. వలసపాలకులందరూ ఒకే మాట మీద ఉన్నారనుకోవడం పొరపాటని ఈ వివాదం చూపుతుంది. కోల్ మాట చెల్లలేదు. పుట్టినచోట స్తూపమే లేనప్పుడు రాతిని ఎక్కడ నిలుపుతారన్నది ఎదుటివారి ప్రశ్న. ఆ పరిస్థితి కల్పించినదీ ప్రభుత్వమే.

7. నాగార్జునకొండ: నీటితో పందెం

అమరావతిలో పరిమితి బరువుది. నాగార్జునకొండలో పరిమితి గడువుది. మూడువైపుల కొండలు, నాలుగోవైపు కృష్ణ గల ఈ లోయలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి నిలిచింది. 1926లో శాసనశాఖకు చెందిన ఎ. రంగస్వామి సరస్వతి దీనిని గుర్తించాడు. 1927 నుండి 1931 వరకు ఎ.హెచ్. లాంగ్‌హర్స్ట్ తవ్వకాలు జరిపి మహాచైత్యాన్ని, విహారాలను వెలికితీశాడు. వీరపురుషదత్తుని ఆరో పాలనాసంవత్సరంలో అతని మేనత్త చాంతిసిరి వేయించిన ఆయకస్తంభశాసనాలు ఇక్ష్వాకుల చరిత్రకు పునాది. 1938లో టి.ఎన్. రామచంద్రన్ పని కొనసాగించాడు. ఇంతవరకు తొందర లేదు.

నందికొండ వద్ద ఆనకట్ట నిర్ణయంతో పరిస్థితి మారింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశాడు. లోయ మొత్తం జలాశయంలో మునుగుతుంది. అంతకు ముందే 1954లో ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో పురావస్తుశాఖ భారీతవ్వకాలు మొదలుపెట్టి 1960 వరకు సాగించింది. నూటికి పైగా స్థలాలు బయటపడ్డాయి. పాతరాతియుగపు పనిముట్ల నుండి మధ్యయుగపు ఆలయాల వరకు అన్ని దశలూ ఆ లోయలో ఉన్నాయి.

అన్నింటినీ మోయడం ఎవరి తరమూ కాదు. అందుకని మూడంచెల పద్ధతి పాటించారు. అత్యంత ముఖ్యమైనవిగా భావించిన 9 కట్టడాలను రాయి రాయికీ గుర్తులు వేసి విప్పి, ద్వీపంగా మిగలబోతున్న కొండశిఖరం మీద తిరిగి కట్టారు. మరో 14 కట్టడాలకు నమూనాలు నిర్మించారు. అనుపు వద్ద 5 కట్టడాలను పునఃప్రతిష్ఠించారు. మెట్లవరుసల స్నానఘట్టం కొండెక్కింది, ప్రేక్షకులు నాలుగువైపులా కూర్చునే రంగస్థలం అనుపుకు చేరింది. మిగిలినవి కొలతలుగా, పటాలుగా, ఛాయాచిత్రాలుగా కాగితం మీదికెక్కి నీళ్లలో మునిగాయి. ఈజిప్టులో అబూ సింబెల్ ఆలయాలను 1964–68 మధ్య ముక్కలుగా కోసి పైకి చేర్చిన సాహసాన్ని ప్రపంచమంతా కొనియాడింది. అంతకు ముందే కృష్ణలోయలో జరిగిన ఈ పని గురించి మన చరిత్ర పాఠాల్లో ఒక వాక్యం మించి కనబడదు.

అమరావతితో పోల్చినప్పుడు తేడా ఒక్కచోట ఉంది. ఇక్కడ ముందు నమోదు, తరువాత తరలింపు. ఏ ఇటుక ఏ ఆకుల మధ్యదో తెలుసు గనుకనే చక్రాకారపు పునాదులతో ఉన్న స్తూపాలను కొండమీద అదే ఆకృతిలో తిరిగి అమర్చగలిగారు. పైగా తరలినది లోయ దాటలేదు. అయినా కొన్ని ప్రశ్నలు తప్పవు. నదీతీరంలో నీటిని తాకుతూ ఉండవలసిన స్నానఘట్టం కొండశిఖరం మీద ఏ అర్థాన్నిస్తుంది? తొమ్మిదింటి ఎంపికకు ప్రమాణాలేమిటి? తవ్వకాల నివేదిక మొదటి సంపుటం 1975లోనూ, రెండోది 2006లోనూ వచ్చాయి. చరిత్రయుగానికి సంబంధించిన రెండో సంపుటం కోసం తవ్వకం ముగిసిన తర్వాత దాదాపు అర్ధశతాబ్దం వేచి చూడవలసి వచ్చింది. నీటి గడువుకు పరుగులు తీసిన సంస్థకు అచ్చు గడువు ఎవరూ పెట్టలేదు.

ఆ లోయలో పుల్లారెడ్డిగూడెం అనే ఊరు ఉండేది. విజయపురి శిథిలాల మధ్య సేద్యం చేసుకున్న ఆ రైతులు ఏమేమి కట్టుకొని బయలుదేరారు, ఏ గుడిలోని ఏ విగ్రహాన్ని వెంట తీసుకుపోయారు, ఏది వదిలారు అన్నది తరలింపు చరిత్రలో భాగం కావాలి. పురావస్తు నివేదికల్లో ఇది ఉండదు. వారి సంతతి నోటి నుండి సేకరించే పని తెలుగు శాఖల జానపదవిజ్ఞాన పరిశోధకులది. మొదటితరం వారు వేళ్లమీద లెక్కపెట్టదగినంతమందే మిగిలి ఉంటారు.

శ్రీశైలం జలాశయం వచ్చినప్పుడు ఇదే కథ చిన్నగా పునరావృతమైంది. కూడవెల్లి సంగమేశ్వరాలయం విప్పి అలంపురానికి తరలించారు. సప్తనదీసంగమంలోని సంగమేశ్వరం కదలలేదు. ఏటా నీరు తగ్గినప్పుడు గుడి బయటపడుతుంది, పూజలు జరుగుతాయి, నీరు పెరిగితే మళ్లీ మునుగుతుంది.

8. పెంకు విలువ, 'నాగబు' విలువ

ఆటలో కుండపెంకు అట్టడుగు ముక్క అని మొదట పేర్కొన్నాను. అమరావతిలో 1958–59లోనూ, 1973–75లోనూ జరిగిన తవ్వకాలు మహాశిల్పాల కోసం జరిగినవి కావు. ముందువారు వదిలేసిన అంచుల్లో, పొరల్లో వెతికినవి. ఉత్తరాది నల్లని మెరుగుపాత్రల పెంకులు, నునుపు పెట్టిన గ్రానైటు కంచెభాగాలు దొరకడంతో స్తూపం ఆరంభకాలం మౌర్యయుగం దాకా వెనక్కు వెళ్లింది. 121 శిలలూ చెప్పలేని సంగతిని కొన్ని పెంకులు చెప్పాయి. మోయదగ్గవి కావని ఎవరూ మోయకపోవడమే వాటికి రక్ష అయింది.

తెలుగు పరిశోధకులకు ఇంతకన్న దగ్గరి ఉదాహరణ ఉంది. అమరావతిలో దొరికిన ఒక విరిగిన రాతిముక్క మీద 'నాగబు' అన్న అక్షరాలున్నాయి. ప్రాకృతశాసనాల నడుమ తెలుగు ప్రత్యయంతో కనిపించే తొలి తెలుగు పదం ఇదేనని వేటూరి ప్రభాకరశాస్త్రి ప్రతిపాదించారు. సంస్కృత 'నాగ' శబ్దానికి తెలుగు ఏకవచనప్రత్యయం '-ంబు' చేరిన రూపంగా దీనిని గ్రహించారు. మన భాషాచరిత్ర గ్రంథాలన్నీ ఇక్కడినుండే మొదలవుతాయి. ఇది పూర్తి పదం కాదు, నాగబుధ అనే పేరు వంటి దీర్ఘమైన సంజ్ఞానామంలోని మొదటి అక్షరాలు మాత్రమే కావచ్చునన్న అభ్యంతరం కూడా ఉంది. రెండు వాదాలకూ వ్యాకరణపరమైన బలాబలాలున్నాయి. ఈ వ్యాసకర్త మొదటిదాని వైపు మొగ్గినా, రెండోదాన్ని తోసిపుచ్చే ఆధారం వ్యాకరణంలో లేదని అంగీకరించక తప్పదు.

ఆధారం రాతిలో ఉండేది. 'బు' తర్వాత ఖాళీ ఉన్నదా, మరో అక్షరపు మొదలు ఉన్నదా అన్నది విరిగిపోయిన అంచుకు అవతల ఉన్న రెండు మూడు అంగుళాల మీద ఆధారపడి ఉంది. ఆ అంగుళాలు శివగంగ మెట్ల కిందో, బట్టీలోనో, మద్రాసు వెళ్లే బండికి బరువు తగ్గించడానికి దిన్నె పక్కన విడిచిన కుప్పలోనో కలిసిపోయాయి. అమరావతి, చెన్నై, లండను, కలకత్తా సంగ్రహాలయాల్లోని చిన్నముక్కలన్నింటి విరుగుళ్ల అంచులను త్రిమాన ఛాయాచిత్రాలుగా తీసి ఒకదానితో ఒకటి సరిపోల్చడం నేటి సాంకేతికతకు సాధ్యమే. పెద్ద పలకలకు ఇటువంటి పని కొంత జరిగింది. అక్షరాలున్న చిన్నముక్కల వంతు ఇంకా రాలేదు. మెకంజీ చిత్రసంపుటిలోని ప్రతి శాసనఖండాన్నీ అదే వరుసలో చేర్చుకోవాలి. ఈ పనికి శిల్పచరిత్రకారుడు కన్న ప్రాకృతమూ పూర్వతెలుగూ తెలిసిన పరిశోధకుడే ముందు కావాలి.